దృశ్యపటములందలి చిరుమానవులు
(పదునెనిమిదవ శతాబ్దపు ప్రకృతి చిత్రముల సాంఘికార్థ విచారము)

విషయ ప్రవేశము

చరిత్ర యనగా రాజుల వంశావళియు, యుద్ధముల తేదీలును మాత్రమే యను భావము మన పాఠశాలలయందు బహుకాలము నెలకొనియుండెను. శాసనము వేయించినవాని పేరు శిలపై నిలిచినది. ఆ శిలను కొండనుండి తొలిచి తెచ్చినవాని పేరు నిలువలేదు. కావ్యమును కృతినందిన ప్రభువు ప్రత్యాశ్వాసమునను సంబోధింపబడును. ఆ ప్రభువు గాదెలను నింపిన సేద్యగాడు ఎచ్చటను గానరాడు. ఇట్టి నామరహితుల చరిత్రను తెలిసికొనగోరువారు లిఖిత గ్రంథములకు వెలుపల నున్న సాక్ష్యములను గూడ పరిశీలింపవలసియున్నది. అట్టి సాక్ష్యములలో చిత్రము ముఖ్యమైనది. మహాసభ సందర్భమున వెలువడు ఈ సంచికకై మేము ఒక దూరదేశపు చిత్రములను విచారణకు గైకొనుటకు ఇదియే కారణము.

పదునెనిమిదవ శతాబ్దమున ఇంగ్లండు దేశమునందు ప్రకృతి దృశ్యములను నల్లసుద్దతోడను, సిరా పూతతోడను, నీటిరంగులతోడను కాగితముపై చిత్రించు విద్య మిక్కిలి ప్రబలెను. ఆ పటములలో చెట్లు, వాగులు, కొండలు ప్రధానములు. వాని నడుమ వేలెడైనను లేని మనుష్యాకృతులు రెండో మూడో కానవచ్చును: బండి తోలువాడు, కట్టెలు మోయువాడు, ఆవులను మళ్లించు పిల్లవాడు, గుడిసె వాకిట తల్లి. వీరిని చూపరులు కేవలాలంకారములుగా నెంచి దాటిపోవుదురు. ఆ చిరుమానవులు అలంకారమాత్రులు కారనియు, ఆనాటి భూమి యెవరిది, శ్రమ యెవరిది, ఎవరు కనబడుటకు అనుమతింపబడిరి, ఎవరు మరుగుపరుపబడిరి అను విషయములకు వారు సాక్షులనియు నిరూపించుట ఈ వ్యాసము యొక్క ఉద్దేశము.

మన ఆలంకారికులు వాచ్య, లక్ష్య, వ్యంగ్యములని అర్థమును మూడు విధములుగా జెప్పిరి. ఈ న్యాయము చిత్రమునకును వర్తించునని మా అభిప్రాయము. గుడిసె, గుడిసె వాకిట తల్లి, ఆమె చుట్టును బిడ్డలు — ఇంతవరకు వాచ్యము. ఆ గుడిసె యెవరి భూమిలో నున్నది, ఆ తల్లి పెనిమిటికి దినకూలి యెంత, ఈ పటమును గోడకు తగిలించుకొన్న శ్రీమంతుడు ఆ గుడిసెను చూచి యేల సంతోషించెను అను ప్రశ్నలు వ్యంగ్యమునకు ద్వారములు. సాంఘికార్థమని నేడు చెప్పబడునది ఈ వ్యంగ్యమే.

కంచెలు పడిన దేశము

ముందుగా ఆ దేశపు భూస్థితిని కొంత గ్రహింపవలెను. పూర్వము అచ్చటి గ్రామములు పెక్కింటియందు పెద్ద పొలములు సన్నని పట్టీలుగా పలువురి అనుభవములో నుండెడివి. వానికి తోడు ఉమ్మడి బీళ్లుండెడివి. సొంత భూమి లేని పేదవాడును అనేక స్థలములలో ఆ బీటియందు ఆవును మేపుకొనుటకును, ఎండుకట్టెలు ఏరుకొనుటకును ఆచారసిద్ధమైన హక్కు కలిగియుండెను. ఆ హక్కునకు పత్రము లేదు. తాతతండ్రుల వాడుకయే పత్రము.

పార్లమెంటు 1604 మొదలు 1914 వరకు 5,200కు మించిన శాసనములను జేసి, సుమారు 68 లక్షల ఎకరముల భూమికి కంచెలు వేయించెను. వీనిలో అధికభాగము పదునెనిమిదవ శతాబ్ది ఉత్తరార్ధమునను, పందొమ్మిదవ శతాబ్ది ప్రారంభమునను జరిగినవి. కంచెల వలన సేద్యము మెరుగుపడి పంట పెరిగినదని చెప్పువారు కలరు. ఆ మాటలో కొంత సత్యము గలదు. అయితే పత్రము గలవానికి భాగము దక్కినది. వాడుక మాత్రమే గలవానికి పలుచోట్ల ఏమియు దక్కలేదు. ఆవును అమ్ముకొని పరుల పొలములో దినకూలికి బోవుట వాని గతియయ్యెను.

ఈ స్థితిని మనస్సునం దుంచుకొని థామస్ గెయిన్స్‌బరో (1727–1788) రచించిన ఒక తైలవర్ణ చిత్రమును చూతము. ఇది 1750 ప్రాంతమున వ్రాయబడినది. ఆండ్రూస్ అను భూస్వామియు అతని భార్యయు తమ పొలమునం దొక ఓక్ చెట్టు క్రింద నున్నారు. అతని చేత తుపాకి, ప్రక్కన కుక్క. కుడివైపున కోతకోసిన చేనిలో పనలు కట్టి నిలువుగా ఆనించియున్నవి; దూరమున కంచెల నడుమ గొర్రెలు మేయుచున్నవి. చేను దున్నినవాడు లేడు, కోసినవాడు లేడు, పనలు కట్టినది లేదు. పంట తనంత తాను కోసికొని, తనంత తాను కట్టుకొని, యజమాని దంపతుల సముఖమునకు వచ్చి నిలిచినట్లున్నది! ఈ పటము 1960 నుండి లండను నేషనల్ గ్యాలరీలో నున్నది. కూలివాని లేమియే ఇందు ప్రధాన వ్యంగ్యము.

గెయిన్స్‌బరో రేఖాచిత్రములు

గెయిన్స్‌బరో సఫోక్ జిల్లాలోని సడ్‌బరీ అను ఊరివాడు. అది ఉన్నివస్త్రములకు పేరొందిన ఊరు. అతని తండ్రి వస్త్రవ్యాపారి. శ్రీమంతుల ముఖములను వ్రాసి జీవనము గడపుచున్నను, అతని మనస్సు ప్రకృతి దృశ్యములయందే యుండెను. సాయంకాలముల నల్లసుద్దతో అతడు వ్రాసిన రేఖాచిత్రములు వందలకొలది నిలిచియున్నవి. అతడు వానిని చాలవరకు అమ్మక, స్నేహితులకు బహూకరించుచుండెను. కనుక ఇవి పోషకుని ఆజ్ఞకు లోబడినవి కావు. చిత్రకారుని సొంత వలపు వీనియందు తెలియవచ్చును.

అతడు తన బల్లపై రాళ్ల ముక్కలను, ఎండిన ఆకులను, అద్దపు పెంకులను అమర్చి, వానినే కొండలుగా, చెట్లుగా, నీరుగా పెంచి వ్రాసెడివాడని అతని సమకాలికుడైన సర్ జాషువా రెనాల్డ్సు 1788లో తన ఉపన్యాసమున చెప్పెను. కాబట్టి ఆ పటములోని వాగు ఏ ఊరి వాగో వెదకుట వ్యర్థము. మన చిత్రశాస్త్రపు షడంగములలో సాదృశ్యము వేరు, భావము వేరు. గెయిన్స్‌బరో పటములలో సాదృశ్యముకంటె భావమే బలవత్తరము. మనము అడుగవలసినది “ఈ ఊరెట్లుండెను?” అని కాదు; “ఊరెట్లుండవలెనని ఇతడును, ఇతని పటములను మెచ్చినవారును కోరిరి?” అని.

ఇచ్చట నొక ఆక్షేపము రాగలదు. గెయిన్స్‌బరో తన మిత్రుడైన విలియం జాక్సనుకు వ్రాసిన లేఖలో, దృశ్యమున మనుష్యులను ఉంచుట కన్నులకు కొంచెము పని కల్పించుటకే యనియు, వారిని చూచిన కన్ను మరల చెట్లను మరింత సంతోషముతో చూచుననియు తెలిపెను. చిత్రకారుడే ఇట్లు చెప్పగా ఆ బొమ్మలకు సాంఘికార్థము కల్పించుట అతివ్యాప్తి కాదా? కాదని మేము సమాధానము చెప్పుచున్నాము. కన్నునకు పని కల్పించుటకు జింకయైనను, పడవయైనను చాలును. అతడు మరల మరల సంతకు పోవు బండిని, కట్టెలమోపు మోయు ముసలివానిని, గుడిసె వాకిట బిడ్డల తల్లిని ఏల ఎన్నుకొనెను? కవి ఉద్దేశింపని ధ్వని కావ్యమున నుండవచ్చును. ధ్వనికి కవి ఒక్కడే కారణము కాడు. కాలమును, సహృదయుడును గూడ కారణములు.

ఆ పటములలో బాటసారులు మెండు. మలుపులు తిరిగిన దారి, దారిపై మూటతో నడచు మనిషి. మనకు యాత్రికుడు గుర్తుకు వచ్చును. నాటి ఇంగ్లండున పేదవాడు దారిపై నుండుట అంత సుకరము కాదు. 1662 నాటి శాసనము ననుసరించి, పొరుగూరికి వచ్చిన పేదవాడు ఆ ఊరివారి ధర్మద్రవ్యమునకు భారము కాగలడని తోచినచో వానిని సొంత గ్రామమునకు మరలగొట్టవచ్చును. ఈ విధి 1795లో సడలింపబడినది. 1744 నాటి దేశదిమ్మరుల శాసనము ప్రకారము ఆధారము లేక తిరుగువానిని పట్టి కొరడాతో కొట్టింపవచ్చును, చెరలో నుంచవచ్చును. పటములోని బాటసారి ఎంత నిశ్చింతగా నడచుచున్నాడో, నిజమైన బాటసారి అంత భయముతో నడచియుండును.

మరి యొక విషయము మన సంస్కృతాధ్యయనపరులకు విశేషముగా పట్టదగినది. కోసిన చేనిలో రాలిన వెన్నులను పేదవారు ఏరుకొనుటను మన పల్లెలలో పరిగె ఏరుట యందురు. మన ధర్మశాస్త్రమున దీనికి శిలోంఛవృత్తి యని పేరు. మనువు దానిని ఋతమని పేర్కొనెను. మహాభారతమున ముద్గల మహర్షి ఈ వృత్తితోడనే జీవించి కీర్తి గాంచెను. ఇంగ్లండు పల్లెలలోను కోత ముగిసిన పిమ్మట పేద స్త్రీలును, పిల్లలును పరిగె ఏరుకొనుట ప్రాచీనాచారము. 1788లో సఫోక్ జిల్లాలోని టిమ్‌వర్త్ గ్రామమునకు జెందిన మేరీ హౌటన్ అను స్త్రీ పరిగె ఏరినందుకు ఆమెపై వ్యాజ్యము నడచెను. దేశీయ సామాన్య న్యాయము క్రింద పరిగెయందు ఎవరికిని హక్కు లేదని న్యాయస్థానము తీర్పు చెప్పెను. తీర్పు వచ్చినను ఆచారము పల్లెలలో ఇంకను చిరకాలము సాగినది. కాని అంతవరకు హక్కుగా నెంచబడినది ఇక దయాభిక్షముగా మారినది. గెయిన్స్‌బరో స్వర్గస్థుడైనదియు ఆ సంవత్సరమే. అతని కడపటి దశకపు పటములలో గుడిసె వాకిళ్లు హెచ్చినవి. ఆ వాకిళ్లలో తల్లులు అందముగా, బిడ్డలు ఎర్రని బుగ్గలతో నుందురు. హక్కు పోయినవానిపై కరుణ చూపుట భూస్వామికి సులభము. ఆ పటములు కరుణను నేర్పినవనుట నిజమే. హక్కును గుర్తుచేయలేదనుటయు నిజమే.

ఇంగ్లీషు విద్వాంసుడైన జాన్ బారెల్ 1980లో ప్రకటించిన గ్రంథమున, 1730 మొదలు 1840 వరకు గల ఆంగ్ల చిత్రములలో గ్రామీణ దరిద్రులు ఎట్లు చూపబడిరో సవిస్తరముగా పరిశీలించెను. వెలుగు శ్రీమంతులపై పడుననియు, పేదవారు చెట్ల నీడలోనికి నెట్టబడుదురనియు అతడు గమనించెను. వెలుగునీడల పంపకము గూడ భూమి పంపకము వంటిదే యన్నమాట.

గొలుసు పట్టినవారు

పాల్ సాండ్‌బీ (1731–1809) మరియొక మార్గమున వచ్చినవాడు. ఇతడు సైనిక నక్షా శాఖలో చిత్రలేఖకుడు. 1746లో కల్లోడెన్ రణరంగమున స్కాట్లండు హైలాండు ప్రజల తిరుగుబాటును ప్రభుత్వ సైన్యము అణచివేసెను. ఆ కొండలను వశమున నుంచుకొనుటకు 1747లో అచ్చట సైనిక సర్వే ఆరంభమయ్యెను. సాండ్‌బీ అందు నియుక్తుడయ్యెను. అతడు 1749లో వ్రాసిన ర్యానక్ సరోవర ప్రాంతపు దృశ్యములో విశాలమైన లోయయు, కొండలును గలవు. ఆ లోయలోని చిరుమానవులు గొల్లలు కారు, ప్రేమికులు కారు. కొలత యంత్రమునొద్ద నిలిచినవాడు, గొలుసు పట్టినవారు, జెండా ఎత్తినవాడు. దేశమును చూచుటయు, కొలుచుటయు, ఏలుటయు ఒకే పటమున సంధించినవి.

అదే 1746లో చేయబడిన శాసనము హైలాండు పురుషులకు తమ జాతీయ వేషమును నిషేధించెను. సైన్యమున చేరినవారికి మాత్రము మినహాయింపు. ఈ నిషేధము 1782లో గాని తొలగలేదు. కావున ఆ కాలపు స్కాట్లండు చిత్రములో ఒక మనిషి కట్టిన వస్త్రము గూడ న్యాయస్థానము వరకు బోవు విషయము. వేషమును చూచి కులమును, కొలువును, స్వాతంత్ర్యమును నిర్ణయించు దేశము మన దొక్కటియే కాదు.

అనంతరము సాండ్‌బీ విండ్సరు కోటను, దాని చుట్టునున్న రాజోద్యానమును అనేక పర్యాయములు చిత్రించెను. కోట అరుగుపై విహరించు స్త్రీపురుషులు, సైనికులు, పిల్లలు. వనమున వృద్ధవృక్షముల క్రింద కలప కోయువారు. చూచుటకు పరమశాంతము. ఈ వనప్రాంతముననే జింకలను వేటాడు గ్రామస్థులను అణచుటకు 1723లో ఒక క్రూరశాసనము పుట్టెను. ముఖమునకు మసి పూసికొని ఆయుధముతో అడవిలో తిరుగుటకు మరణదండనము విధింపబడెను. అది నూరేండ్లు అమలులో నుండి 1823లో రద్దయ్యెను. సాండ్‌బీ పటములోని కట్టెకోత కాడు రాజుగారి సేవకుడు గనుక వెలుగులోనికి రాగలిగెను. జింకను కొట్టినవానికి ఆ పటమున తావు లేదు.

శ్రమ సుందరము కాదా?

శతాబ్ది తుదిదశలో ఈ అభిరుచికి ఒక శాస్త్రము గూడ ఏర్పడెను. దాని ఆచార్యులలో విలియం గిల్పిన్ (1724–1804) అగ్రగణ్యుడు. ఇతడు మావలెనే ఉపాధ్యాయుడు, పిదప మతాచార్యుడయ్యెను. 1786లో ప్రకటించిన గ్రంథమున ఇతడొక చిత్రమైన సిద్ధాంతమును చేసెను. నీతిదృష్టిచే చూచినచో పాటుపడు పనివాడు సోమరియైన పల్లెవానికంటె మెచ్చదగినవాడే. చిత్రదృష్టిచే చూచినచో సోమరియే పటమునకు శోభ తెచ్చునని దాని సారాంశము. ఇంతకంటె స్పష్టముగా ఎవరు చెప్పగలరు? శ్రమ చేయుచేతులు పటమును పాడుచేయునట! అందువలననే ఆ పటములలో పనివారు పలుగు ప్రక్కన బెట్టి కూర్చుందురు, గొడ్డలిపై ఆనుకొందురు, దూరపు కొండను చూచుచుందురు.

గిల్పిన్ హృదయము కఠినమైనది కాదు. వై నదీతీరమున టింటర్న్ మఠశిథిలములను దర్శించినప్పుడు, ఆ శిథిలములలో గుడిసెలు వేసికొని బ్రదుకు దరిద్రులను, నడువలేని ఒక స్త్రీ నివాసమును అతడు 1782 నాటి గ్రంథమున దుఃఖముతో వర్ణించెను. 1802లో తన చిత్రములను వేలము వేయించి, వచ్చిన ధనమును తన గ్రామపు పేదబిడ్డల పాఠశాలకు సమర్పించెను. వచనమున దరిద్రులకు చోటిచ్చినవాడు, ధనమున చోటిచ్చినవాడు, పటమున మాత్రము వారి శ్రమకు చోటీయలేకపోయెను. ఒక సజ్జనుని సౌజన్యమును గూడ కాలపు అభిరుచి ఎంతగా కట్టివేయగలదో ఇతని జీవితమే తెలుపుచున్నది.

ఉద్యానశిల్పియైన హంఫ్రీ రెప్టన్ (1752–1818) మరియొక అడుగు వేసెను. ఇతడు యజమానులకు చూపు పటములపై ఒక మడత కాగితమును అతికించెడివాడు. మడత మూసియుండగా ఉన్న స్థితి. తెరచినచో మారబోవు స్థితి. ఎసెక్సులోని తన సొంత కుటీరమునుండి కానవచ్చు దృశ్యమును 1816లో ఇతడు ఇట్లే ప్రకటించెను. మొదటి స్థితిలో కంచెనొద్ద వికలాంగుడైన బిచ్చగాడును, ఎదుట మాంసపు దుకాణమును గలవు. మడత తీసినంతనే తోట ముందుకు జరిగినది, పూలపొదలు లేచినవి, దుకాణము మరుగుపడినది, బిచ్చగాడు మాయమైనాడు. అతడెక్కడకు బోయెనో పటము చెప్పదు. శతాబ్దమంతయు చిత్రకారులు చేసిన పనిని ఆ కాగితపు మడత ఒక్క నిమిషమున చేసి చూపినది.

మన దేశమునకు వచ్చిన చూపు

ఈ చూపు ఓడలెక్కి మన దేశమునకును వచ్చెను. విలియం హాడ్జెస్ 1780లో మద్రాసున దిగి, 1783 వరకు ఈ దేశమున నుండి, 1785–88 సంవత్సరముల నడుమ 48 దృశ్యములను అచ్చొత్తించెను. థామస్ డేనియల్, అతని సోదరుని కొడుకు విలియం డేనియల్ 1786లో కలకత్తా చేరి, 1792లో దక్షిణదేశమును పర్యటించి, 1795 మొదలు 1808 వరకు 144 దృశ్యములను ప్రకటించిరి. మర్రిచెట్టు, గోపురము, కోట, చెరువు; వాని ముందు ఊరక కూర్చున్న ఇద్దరు ముగ్గురు. గిల్పిన్ చెప్పిన సోమరియే ఇక్కడ తలపాగా చుట్టుకొని కూర్చున్నాడు. పటము క్రింద గుడి పేరున్నది. కూర్చున్నవాని పేరు లేదు, చిత్రకారుని పల్లకీ మోసిన బోయీల పేర్లును లేవు. భారతీయుడు నిర్వ్యాపారుడను అపవాదునకు ఇట్టి పటములు ఎంతటి తోడ్పాటు చేసినవో విజ్ఞులు ఊహింపగలరు.

కర్నల్ కాలిన్ మెకంజీ కథ మనకు మరింత సన్నిహితము. ఇతడు స్కాట్లండు పశ్చిమమున లూయిస్ ద్వీపమున జన్మించి, 1783లో మద్రాసునకు వచ్చి, తెలుగుదేశమున గొలుసు పట్టించి భూమి కొలిపించినవాడు. సాండ్‌బీ పటములోని గొలుసు ఇతని దేశపు ఉత్తరభాగమున పడినది. అట్టి గొలుసునే ఇతడు మన పొలములపై పరచెను. ఇతడు 1821లో గతించునాటికి 2,600కు మించిన చిత్రములు పోగుపడినవి. ఈ కార్యమున సహాయులైన కావలి సోదరులు, బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి, మన చరిత్రమున చిరస్మరణీయులైరి. వారు లేఖలు వ్రాసిరి, కైఫీయతులను సేకరింపించిరి. అందువలన వారి పేర్లు నిలిచినవి. గొలుసు మోసినవాని పేరు అంత సులభముగా దొరకదు. అక్షరము నేర్చినవాడు పటమునుండి బయటికి నడచి రాగలడు. నేర్వనివాడు పటములోనే నిలిచిపోవును. విద్య యొక్క మహిమకు ఇంతకంటె నిదర్శన మేమి కావలెను?

ఉపసంహారము

చిత్రమును చూచునప్పుడు యువకులు నాలుగు ప్రశ్నలు అడుగుట అలవరచుకొనవలెనని మా విజ్ఞప్తి. పటములో ఎవరు వెలుగులో నున్నారు, ఎవరు నీడలో నున్నారు? ఎవరు పని చేయుచున్నారు, ఎవరిని పని మాన్పించి కూర్చుండబెట్టిరి? పేరు ఎవరికి గలదు? ఉండవలసియుండియు లేనివారెవరు? ఈ నాలుగింటిలో కడపటిది కష్టతరము. ఫలము గూడ దానియందే హెచ్చు. ఇట్లు చూచుట చిత్రకారులను నిందించుటకు గాదు. గెయిన్స్‌బరో చెట్టు ఇప్పటికిని సుందరమే. సౌందర్యమును అనుభవించుచునే సత్యమును అడుగుట సహృదయుని ధర్మము.

పరదేశపు పటములనుగూర్చి ఇంత చెప్పి, స్వగృహమును విడుచుట న్యాయము కాదు. సంఘముల సంచికలయందు మహాసభల గ్రూపు ఫోటోలు ముద్రించుట పరిపాటి. ముందు వరుస కుర్చీలలో అధ్యక్షులు, దాతలు, న్యాయవాదులు; వెనుక వరుసలలో నిలుచున్న సభ్యులు. క్రింద పేర్లు ముందు వరుసకు మాత్రమే అచ్చుపడుచుండును. పందిరి వేసినవారు, వంట చేసిన తల్లులు, నీరు మోసినవారు ఫోటోలోనికే రారు. నూరేండ్ల తరువాత మన మనుమలు ఆ ఫోటోను చూచి, సంఘమనగా ముందు వరుస మాత్రమే యనుకొన్నచో ఆ దోషము వారిది కాదు. కార్యనిర్వాహకులు ఇకమీదట ప్రతి ఫోటోకును వెనుక వరుసవారి పేర్లను సైతము ముద్రింపించి, పందిరి వెనుకనున్నవారిని గూడ ముందునకు పిలిచి నిలుపుదురుగాక యని కోరుచు, ఈ వ్యాసమును ముగించుచున్నాము.